మోకు

మంచును గూర్చి నేను వ్రాయబూనుట కొంత వింతగానే యుండును. మా యూరు గోదావరి యెడమగట్టున, భద్రాచలమునుండి చర్లకు పోవు బాటలో నున్నది. ఒకవైపు నది, మరియొకవైపు అడవి. ఆ యడవి దాటినచో ఛత్తీసుగఢ్ రాష్ట్రము. వేసవిలో మా ప్రాంతమున ఎండ నలువదియైదు డిగ్రీలకు మించుట కలదు. తునికాకు కోయువారు తెల్లవారకమునుపే అడవికి పోయి, ప్రొద్దు నడినెత్తికి రాకమునుపే యిండ్లు చేరుకొందురు. ఇట్టి మా యూరిలో మంచు అనగా చేపల పెట్టెలలో పొట్టు కప్పి తెచ్చు గడ్డయే. ఆ పెట్టె క్రింద కారు నీటికి చేతులు పట్టి, "చలి! చలి!" యని కేకలు వేసిన పిల్లలలో నేనును ఒకడను. అంతకు మించిన మంచును నేటివరకును నేను కన్నులార చూచి యెరుగను.

2014వ సంవత్సరము మే నెల చివరి వారమున ఒకనాటి ఉదయమున టీ దుకాణము వద్ద పదిమంది చేరి ఒకే వార్తాపత్రికపై తలలు వంచి యుండుట చూచితిని. మా బాటలో అట్లు జనము గుమిగూడుట గోదావరికి వరద వచ్చునప్పుడు తప్ప లేదు. అది వరదల కాలము కాదు. ఏమని అడుగగా, "సారూ, మన చర్ల పిల్లగాడు ఎవరెస్టు ఎక్కిండంట!" అని ఒకరు పత్రికను నా చేతి కిచ్చిరి.

సాధనపల్లి ఆనంద్ కుమార్ అను పదునారేండ్ల బాలుడు, మాలావత్ పూర్ణ అను బాలికతో కూడి, మే 25వ తేదీ ఉదయమున ఎవరెస్టు శిఖరముపై నిలిచెను. ఆనంద్ చర్ల మండలమువాడు. అన్నపురెడ్డిపల్లి సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుకొనెను. తండ్రి సైకిళ్లు బాగుచేసి సంసారము నడుపుకొను మనిషి. పూర్ణ నిజామాబాదు జిల్లాలోని పాకాల గ్రామమునకు చెందినది, వ్యవసాయకూలీల బిడ్డ. అప్పటికి ఆమె వయస్సు పదుమూడేండ్ల పదునొకండు నెలలు. అంత చిన్న వయస్సున ఆ శిఖరము నెక్కిన బాలిక అంతకుముందు మరియొకతె లేదు. తెలంగాణ రాష్ట్రము ఏర్పడుటకు అప్పటికి ఎనిమిది దినములే కలవు. ఊరూర సంబరములకు సన్నాహము జరుగుచుండెను. ఆ సందడిలోను ఈ వార్త మా బాటపొడవునను వేరుగా వినబడెను.

నేను ఉపాధ్యాయుడను. ఎవరెస్టు ఎత్తు 8,848 మీటర్లనియు, 1953వ సంవత్సరము మే 29వ తేదీన టెన్సింగ్ నార్గే, ఎడ్మండ్ హిల్లరీ యనువారు తొలుత దాని నెక్కిరనియు ఏటేట పిల్లలచేత వల్లె వేయించినవాడను. కాని ఆ యంకెల లోపల నేమున్నదో నాకు తెలియదు. సైకిలు చక్రమునకు పంక్చరు వేయు వాని కుమారుడు అక్కడి కెట్లు పోయెను? ఆ దినమునుండి ఈ విషయమును గూర్చి దొరకినదెల్ల చదువసాగితిని.

గురుకుల పాఠశాలల పిల్లలలో నుండి వందకు పైగా ఎంచి, భువనగిరి కొండరాతిపై శిక్షణ నిప్పించిరి. ఆ పాఠశాలల సంస్థకు అప్పుడు కార్యదర్శి ఆర్. ఎస్. ప్రవీణ్ కుమార్ అను పోలీసు అధికారి. శిక్షకుడు బాచినేపల్లి శేఖర్ బాబు అను పర్వతారోహకుడు. నెగ్గినవారిని డార్జిలింగులోని హిమాలయ పర్వతారోహణ సంస్థకు పంపిరి. టెన్సింగ్ ఎవరెస్టు నెక్కిన మరుసటి యేడు, అనగా 1954లో, స్థాపించిన సంస్థ యది. టెన్సింగే అచట చాలకాలము శిక్షణ నిచ్చెను. అందును నిలిచినవారిని చలికాలమున లడఖ్ కొండలకు తీసికొనిపోయిరి. జల్లెడలో గింజలు తగ్గినట్లు పిల్లలు తగ్గుచు వచ్చి, తుదకు ఇద్దరు మిగిలిరి.

నేపాలు ప్రభుత్వము పదునారేండ్లు నిండనివారిని తమ వైపునుండి ఎక్కనీయదు. కనుక పూర్ణకొరకు ఉత్తరదిశగా, టిబెట్టు వైపునుండి పోవలసి వచ్చెను. ఆ దారి మరింత చలిగాలుల దారి. ఎనిమిదివేల మీటర్లపైన మనుష్యుని శరీరము కోలుకొనుట యుండదు. ఉన్న ప్రతి గంటయు క్షీణించుటయే. శిఖరమువద్ద ఊపిరికి దొరకు ప్రాణవాయువు సముద్రతీరమున దొరకుదానిలో మూడవవంతు మాత్రమే. అందుచే వీపున సిలిండరు మోయుచు, తలకు దీపము కట్టుకొని, రాత్రివేళ బయలుదేరి ఉదయమునకు శిఖరము చేరుదురు. త్రోవలో నిలువుబండ యొకటి యున్నది. దానిపై 1975లో చైనా పర్వతారోహకులు ఒక నిచ్చెన బిగించిరి. ఆ చోట నేటికిని నిచ్చెనమీదుగానే పోవలయును. త్రోవప్రక్కన మృతదేహములు కనబడుననియు, వానిని చూచి తాను భయపడితిననియు పూర్ణ తరువాత చెప్పినది. ఆ బిడ్డ భయపడలేదని వ్రాసిన పత్రికలకంటె, భయపడితినని చెప్పిన ఆ మాటయే నాకు నచ్చెను.

వారు టిబెట్టులో నున్నప్పుడే, ఏప్రిల్ 18వ తేదీన, ఆ పర్వతముయొక్క రెండవ వైపున, నేపాలు దారిలో, మంచుచరియ విరిగిపడి పదునారుగురు నేపాలీ పనివారు మరణించిరి. ఆ వార్త మన పత్రికలలోను వచ్చెను. చర్లలో నొక యింట, పాకాలలో నొక యింట ఆ రాత్రి ఎవరికైన నిద్రపట్టెనా యని నేను పలుమారులు అనుకొందును. ఇట్లనుకొనుటకు నాకొక కారణము కలదు. అది చెప్పుటకే ఈ వ్యాసము మొదలిడితిని.

మా తండ్రి తాళ్లెక్కి కల్లుగీచెడివాడు. తాటిచెట్టు ఎక్కుట చూడనివారికి ఆ విధానము చెప్పవలయును. మోకు అను లావుపాటి నారత్రాడు చెట్టును, మనుష్యుని నడుమును కలిపి చుట్టును. పాదములకు మరియొక చిన్న బంధము. కత్తులు దూర్చుకొను ముస్తాదు నడుమున వ్రేలాడును. మోకుపై వెనుకకు వాలి, కాళ్లు ముడిచి పైకి లాగుకొని, బంధముపై నిలిచి, మోకును మరియొక జానెడు పైకి ఎగురవైచి, మరల దానిపై వాలవలయును. మనుష్యుని బరువంతయు ఆ త్రాటిమీదనే యుండును. నలువది యడుగుల చెట్టు. దినమునకు పదునైదు, ఇరువది చెట్లు. ఉదయ మొకమారు, సాయంకాల మొకమారు. ఏ పర్వతారోహకుడైన ఈ లెక్క చేసినచో ఏడాదికి మా తండ్రి ఎన్ని ఎవరెస్టు లెక్కెనో తేలును. ఆయన కెవరును దండ వేయలేదు.

1975వ సంవత్సరమున, నేను నాలుగవ తరగతిలో నుండగా, ఒక సాయంకాలము ఆయన చెట్టుపైనుండి పడెను. నడుము విరిగెను. మూడేండ్లు మంచమున నుండి పోయెను. ఆ మూడేండ్లు మా అమ్మ కూలికి పోయి మమ్ము సాకెను. ఆయన పోయిన పిదప మోకును, ముస్తాదును ఇంటి దూలమునకు కట్టి, "ఈ ఇంట్లో ఇంక ఎవ్వరూ కాలు నేలనుంచి ఎత్తొద్దు" అని యనెను. మేము దానిని ఆజ్ఞగా పాటించితిమి. నేను మామిడిచెట్టైన ఎక్కలేదు. బడిలో జెండాకొయ్యకు త్రాడు చిక్కుపడినప్పుడు పిల్లలనే పంపితిని గాని నేను బల్ల యెక్కలేదు. దీనిని చూచి తోటి ఉపాధ్యాయులు నవ్వుకొనెడివారు.

నాకొక కూతురు. 2014లో ఆమె గురుకుల పాఠశాల యొకదానిలో ఎనిమిదవ తరగతి చదువుచుండెను. ఆనంద్, పూర్ణలు తిరిగివచ్చిన పిమ్మట గురుకులములలో పిల్లలకు కొండలనిన పిచ్చి పట్టెను. ఆ చలికాలమున నా కూతురు సెలవుకు వచ్చి, భోజనము చేయుచుండగా నా కంచముప్రక్కన ఒక కాగితము పెట్టెను. భువనగిరిలో ఐదు దినముల శిక్షణ. తండ్రి గాని, తల్లి గాని సమ్మతించి సంతకము చేయవలయును. నెలాఖరు గడువు.

"నాన్నా, మా క్లాసులో నన్నూ ఇంకొక అమ్మాయినీ తీసుకున్నారు. సంతకం పెట్టవూ?"

"చూద్దాంలే, అమ్మా" అంటిని.

ఆ కాగితమును పంచాంగములో దాచితిని. రెండుమారులు ఆమె ఫోను చేసి అడుగగా, పంపుదునని చెప్పితిని. మూడవమారు అడిగినప్పుడు కాగితము కనబడుట లేదంటిని. గడువు దాటెను. పిల్లలతో అబద్ధమాడరాదని ప్రతి యేడును బోధించు నేను, నా బిడ్డతో ఆడిన అబద్ధ మిది. పైపెచ్చు ఏప్రిల్ నెలలో వచ్చిన ఒక వార్త నన్ను సమర్థించినట్లు తోచెను. నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్ బాబు, ఏడు ఖండముల మిక్కిలి యెత్తైన ఏడు శిఖరములను 2006లో 172 దినములలో నెక్కినవాడు, దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతములలో ఒంటరిగా పోయి, 2015 మార్చి చివర కనబడకపోయెను. కొన్ని దినములకు ఆయన దేహము మాత్రము దొరకెను. అంతటి అనుభవశాలికే అట్లైనది! నేను చేసినది మంచిదే యని పత్రిక మడిచి పెట్టితిని. ఒకరి మరణమునుండి అంత సులభముగా నెమ్మది పొందితినని తలచుకొన్నచో నేటికిని సిగ్గగును.

ఉగాది గడచి, వేసవి సెలవులకు వచ్చిన నా కూతురు ఏదో తిథి చూడవలెనని మా అమ్మ అడుగగా పంచాంగము తీసినది. కాగితము జారిపడెను. ఆమె దానిని చదివి, మరల మడిచి, ఆ పుటలోనే యుంచి, పంచాంగము నా బల్లమీద పెట్టి పోయినది. ఒక్క మాట యనలేదు. ఆ దినమునుండి సెలవులు ముగియువరకు నేనడిగిన దానికి బదులు చెప్పుటయే గాని తానై నాతో మాటాడలేదు. మా యింట నీళ్లు తోడు గిలక శబ్దము తప్ప వేరొకటి వినబడని దినము లవి.

ఈ మౌనమును మా అమ్మ కనిపెట్టినది. ఒకనాటి రాత్రి అరుగుమీద కూర్చుండి, జరిగినదెల్ల నాచేత చెప్పించుకొనెను. నేను చేసిన పనికి ఆమె మెచ్చుకొనునని నా యూహ. ఇంటిలో కాలు నేలనుండి ఎత్తరాదన్నది ఆమెయే గదా! ఆమె చాలసేపు దూలమువైపు చూచి,

"వాళ్లు కట్టుకునే తాడు ఎట్లాంటిదిరా?" అని అడిగినది.

నాకు తెలియదంటిని.

"తెలియకుండానే వద్దన్నావా?" అని యామె కొంతసేపూరకుండి, "మీ నాయన్ను చెట్టు చంపలేదు బిడ్డా. ఆ ఏడు మోకు అరిగిపోయింది. పేగులాగా అయిపోయింది. కొత్త మోకు కొనడానికి డబ్బులు లేక, వచ్చే అమావాస్యకు కొందామన్నాడు. అమావాస్యకు తొమ్మిది రోజులుండగా తెగింది. మీకు చెప్పలేదు. చెప్తే ఏముంది, పేదరికం చంపిందని చెప్పాలి. అందుకే ఎక్కొద్దన్నాను" అనెను.

నలువది సంవత్సరములుగా నేను చెట్టు నెత్తును చూచి భయపడుచున్నాను. త్రాటిని చూచి భయపడవలసినదని అప్పటికి గాని తెలియలేదు.

ఆ యేడు చలికాలమున మరల కాగితము వచ్చినది. ఈమారు నా కూతురు దానిని నాకీయలేదు, నాయనమ్మ కిచ్చినది. మా అమ్మ దానిని నా ముందుంచి, కలము కూడ తెచ్చి యిచ్చి, "నువ్వు కూడా పో. తాడు చూసిరా" అనెను.

మా ప్రాంతమువారు రైలెక్కవలెనన్నచో కొత్తగూడెము పోవలయును. అచటి స్టేషనుకు "భద్రాచలం రోడ్" అని పేరు. ఈ పేరు నమ్మి దూరదేశపు యాత్రికులు దిగి, రాములవారి గుడి యెక్కడ యని అడుగుచుందురు. గుడి ఇంకను నలువది కిలోమీటర్లు. ఆ రైలులో కాజీపేట మీదుగా భువనగిరి చేరితిని. స్టేషను దాటగానే కొండ కనబడెను. కొండ యనుటకంటె ఒకే రాయి యనుట యుక్తము. ఐదువందల యడుగులకు మించిన యెత్తున, బోర్లించిన మూకుడువలె నున్నది. పశ్చిమ చాళుక్యరాజైన త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు దానిపై కోట కట్టించెననియు, త్రిభువనగిరియే భువనగిరి యైనదనియు చెప్పుదురు. కోట చరిత్రపై నాకు మక్కువ యెక్కువ. కాని ఆ దినమున నేను కోట చూడలేదు.

రాతి యడుగున త్రాళ్లు చుట్టలు చుట్టి పరచియుండిరి. శిక్షకుడు ఇరువదియైదేండ్ల యువకుడు. తనకంటె పెద్దవాడనని నన్ను కూర్చుండుమని, ఎందుకు వచ్చితినని అడిగెను. "త్రాడు చూచుటకు" అంటిని. అతడు నవ్వలేదు. ఒక త్రాటి కొనను నా చేతి కిచ్చి వివరముగా చెప్పెను. దానిని నైలాను పోగులతో చేయుదురట. లోపల ఎన్నో సన్నని పోగుల పేటలు. అవియే బరువు మోయును. పైన అల్లిక తొడుగు. అది లోపలి పేటలను రాపిడినుండి కాపాడును. మనుష్యుడు జారినప్పుడు ఈ త్రాడు కొంచెము సాగును. సాగుటవలన ఆ కుదుపు నడుమునకు తగులక త్రాటిలోనే అణగిపోవును. నారత్రాడు సాగదు, సాగనిది తెగును, లేదా నడుము విరుచును. ప్రతి యుదయమును త్రాడు పొడవంతయు వ్రేళ్ల నడుమ పోనిచ్చి, ఎచటనైన మెత్తబడినదా, ఉబ్బినదా యని తడవి చూచుదురు. పెద్ద పతనమును ఒకమారు ఆపిన త్రాడు కంటికి బాగున్నను మరల మనుష్యునికి కట్టరు.

"పాడయిందని ఎట్లా తెలుస్తుంది?" అని యడిగితిని.

"అనుమానం వస్తే చాలు సార్, తీసేస్తాం" అనెను.

తీసివేసి మరియొకటి తెచ్చుకొనగలిగినవారి మాట యది. అమావాస్యవరకు ఆగవలసినవారు అట్లనలేరు.

నా కూతురు నడుమునకు, తొడలకు పట్టీలు బిగించుకొని, ఎనిమిది యంకె ఆకారమున ముడి వేసికొనెను. శిక్షకుడు ఆ ముడిని చూచెను. ఆమెతోటి బాలిక యొకతె చూచెను. అప్పుడు గాని ఎక్కనీయలేదు. క్రింద మరియొక బాలిక ఆ త్రాటి రెండవ కొనను తన నడుము పట్టీకి తగిలించుకొని, నా బిడ్డ ఎక్కినకొలది వదులును లాగుకొనుచుండెను. పదుమూడేండ్ల పిల్ల చేతిలో నా బిడ్డ ప్రాణము! ఆ పిల్ల రెప్ప వేయక పైకి చూచుచుండెను. నేను వారిద్దరిలో ఎవరిని చూడవలెనో తెలియక త్రాటిని చూచుచుంటిని.

ముప్పది యడుగుల యెత్తున నా కూతురు ఆగిపోయెను. ఎడమకాలు వణకుట క్రిందికి కనబడెను. శిక్షకుడు దిగిరమ్మనలేదు, ఎక్కుమనియు అనలేదు. "తాడు మీద కూర్చో. ఏం కాదు. కూర్చో" అనెను. ఆమె కూర్చుండలేదు. రాతిని కరచుకొని యుండెను. ఎంతసేపో నేను చెప్పలేను. పిదప మెల్లగా చేతులు వదలి, వెనుకకు వాలి, త్రాటిపై తన బరువు మోపినది. ఆ వాలుట చూచి నా యొడలు జలదరించెను. మోకుపై మా తండ్రి వాలెడి తీరది. నలువది సంవత్సరములుగా నేను దానిని చూడలేదు. త్రాడు కొంచెము సాగి నిలిచినది. ఆమె చేతులు దులుపుకొని, రాతిని తేరిచూచి, కుడివైపున ఒక చీలిక కనిపెట్టి, మరల ఎక్కెను.

ఆమె తరువాతి శిక్షణకు ఎంపిక కాలేదు. ముగ్గురు నలుగురు ఆమెకంటె చురుకుగా నుండిరి. డార్జిలింగు చూడలేకపోతినని రెండు దినములు ఏడ్చినది. రైలులో నేను ఆమెకు పంచాంగముమాట చెప్పి, తప్పు నాదంటిని. "నాకు తెలుసు నాన్నా" అని కిటికీలోనుండి చూచుచు, డోర్నకల్లు వచ్చువరకు ఊరకుండి, ఆ తరువాత ఆకలి వేయుచున్నదనినది.

ఇక అటుపిమ్మట జరిగిన సంగతులు. పూర్ణ ఎవరెస్టుతో ఆగలేదు. ఆఫ్రికాలోని కిలిమంజారో మొదలుకొని ఒక్కొక్క ఖండముయొక్క శిఖరము నెక్కుచు, 2019 డిసెంబరులో దక్షిణధ్రువ ఖండమందలి విన్సన్ శిఖరమును, 2022 జూన్ నెలలో ఉత్తర అమెరికాలోని డెనాలిని ఎక్కి ఏడింటిని పూర్తిచేసినది. ఎవరెస్టు ఉత్తరపు దారిని గూర్చి చదువుచుండగా నాకు జార్జి మల్లరీ కథ తటస్థించెను. 1924లో మల్లరీ, ఇర్విన్ అను ఆంగ్లేయులు ఆ దారినే శిఖరమువైపు పోవుచు మేఘములలో కనుమరుగైరి. డెబ్బదియైదేండ్లకు, 1999లో, మల్లరీ దేహము దొరకినది. నడుమున త్రాడు ఇంకను కట్టియున్నది. దాని రెండవ కొన తెగియున్నది. ఈ వాక్యము చదివి నేను పుస్తకము మూసి లేచి దూలమువైపు చూచితిని.

మరియొక ముచ్చట. 2023లో నా కూతురు తన ఫోనులో నాకొక విచిత్రమును చూపెను. ఫ్రాన్సు దేశమున వార్స్ అను పర్వతగ్రామము కలదు. అచటి మంచువాలు ఇంటి కప్పుకంటెను నిటారుగా నుండును. దానిపై కాళ్లకు దాదాపు ఎనిమిది యడుగుల పలకలు బిగించుకొని, ఒంటికి అంటుకొను ఎర్రని దుస్తులు తొడిగి, గాలిని చీల్చు పెద్ద శిరస్త్రాణము ధరించి, మోకాళ్లు వంచి గ్రుడ్డువలె ముడుచుకొని సూటిగా జారుదురు. మలుపు లుండవు. తుదిలో నూరు మీటర్ల దూరమున వేగము కొలుతురు. ఆ యేడు మార్చి 22వ తేదీన సైమన్ బిల్లీ అనువాడు గంటకు 255.5 కిలోమీటర్ల వేగముతో జారెను. ఇంజను లేదు, చక్రము లేదు, భూమ్యాకర్షణ యొక్కటే. విమానమునుండి దూకినవాడు గొడుగు విప్పకమునుపు పడు వేగము గంటకు రెండువందల కిలోమీటర్ల ప్రాంతము. అంతకంటెను ఇది హెచ్చు! 1992లో ఫ్రాన్సులో జరిగిన శీతకాలపు ఒలింపిక్ క్రీడలలో దీనిని ప్రదర్శనగా చేర్చిరి. ఆ దినములలోనే ఒక స్విస్ ఆటగాడు అభ్యాసమున మంచు చదునుచేయు యంత్రమును ఢీకొని మరణించెను. ఆ తరువాత ఒలింపిక్ క్రీడలలో దానికి చోటు దొరకలేదు.

నాకు మిక్కిలి ఆశ్చర్యము గలిగించినది వేగము కాదు. సైమన్ బిల్లీ తండ్రి ఫిలిప్ బిల్లీ, 1997లో అదే వార్స్ వాలుపై గంటకు 243.902 కిలోమీటర్ల వేగముతో నాటి ప్రపంచ రికార్డు నెలకొల్పినవాడు. తన యెముకలకు ఆ వేగమేమో తెలిసియుండియు కొడుకును ఆ వాలుపైకి పోనిచ్చెను.

"వాళ్ల నాన్న కాగితం ఎక్కడ దాచి ఉంటాడంటావ్?" అని నా కూతురు నవ్వినది. ఇంతకాలమునకు ఆ విషయమున నవ్వు వచ్చినది.

2024వ సంవత్సరము జూలై నెలలో తెలంగాణ ప్రభుత్వము గీతకార్మికులకు కాటమయ్య రక్షణ కిట్లు అను పేర త్రాళ్లు, నడుము పట్టీలు, కొక్కెములు ఉచితముగా ఇచ్చుట ప్రారంభించెను. పర్వతారోహకులు వాడు పద్ధతినే తాటిచెట్టునకు తగినట్లు మార్చి చేసినవి. మా పెదనాన్న మనుమడు నేటికిని కల్లుగీయుచున్నాడు. కొంతకాలమునకు వానికిని ఒకటి దొరకగా, సంచి పట్టుకొని మా యింటికి వచ్చి, "అక్కా, ఇది ఎట్లా కట్టుకోవాలో శిక్షణలో చూపించారు గానీ, ఇంకోసారి నువ్వు చూడవా?" అని అడిగెను. వ్యాయామోపాధ్యాయ శిక్షణ ముగించి యింటనున్న నా కూతురు వానిని మా పెరటి తాటిచెట్టువద్ద నిలువబెట్టి, పట్టీలు బిగించి, ముడి వేసి, విప్పి, మరల వానిచేతనే వేయించినది.

మా అమ్మకు చూపు తగ్గినది. చేతికర్రతో వచ్చి, త్రాటిని అడుగమని, దాని నొక కొననుండి మరియొక కొనవరకు వ్రేళ్ల నడుమ పోనిచ్చుచు తడవినది. భువనగిరిలో శిక్షకులు చేయు పని. ఆమెకు దానిని ఎవరును నేర్పలేదు. కొనవరకు చూచి, రెండుమారులు గట్టిగా గుంజి,

"ఎక్కరా" అనెను.